కుటుంబ ఆరోగ్యం: స్కానింగు కాగితమే తీర్పు కాదు

కృష్ణదేవిపేట నుండి ఒక సహోదరి ఇలా వ్రాశారు:

“నా వయస్సు 38. ముగ్గురు పిల్లలు. ఏడాదిగా నెలసరిలో రక్తం బాగా పోతోంది. నర్సీపట్నం వెళ్ళి స్కానింగు తీయించుకున్నాను. గర్భసంచి పెద్దదైందని, చిన్న గడ్డ ఉందని, ఎడమ అండాశయంలో 3 సెంటీమీటర్ల నీటితిత్తి ఉందని వ్రాశారు. గర్భసంచి తీయించెయ్యి, లేకుంటే క్యాన్సరవుతుందని తెలిసినవాళ్ళు అంటున్నారు. మా చెల్లెలికి ప్రతి నెలా ప్రాణం పోయేంత నొప్పి. ఆమె స్కానింగులో ఏమీ లేదన్నారు. పని తప్పించుకోవడానికి వంక అని అత్తగారింట్లో అంటున్నారు. మేమేం చేయాలి?”

సహోదరీ, మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. స్కానింగులో కనబడిందల్లా జబ్బేనా? కనబడకపోతే జబ్బు లేనట్టేనా? రెండింటికీ జవాబు ‘కాదు’ అనే.

స్కానింగు యంత్రం మన చెవికి వినబడని ధ్వనిని శరీరంలోకి పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనితో బొమ్మ కడుతుంది. 1958లో గ్లాస్గో నగరంలో డాక్టర్ ఇయాన్ డోనాల్డ్, ఆయన సహచరులు దీన్ని కడుపులోని గడ్డలు చూడడానికి వాడి వైద్యలోకానికి తెలియజేశారు. గొప్ప మేలే. అయితే అది చూపేది ఆకారం, పరిమాణం. కణాల స్వభావాన్ని అది చెప్పలేదు. నొప్పి ఎంతో అసలే చెప్పలేదు.

ముందు మీ సంగతి. పిల్లల్ని కన్న తల్లులకు గర్భసంచి కొంచెం పెద్దదిగా ఉండడం మామూలే. ఫైబ్రాయిడ్ అనే గడ్డ చాలామంది స్త్రీలలో ఉంటుంది; అది క్యాన్సరు కావడం బహు అరుదు. బాధ పెట్టకపోతే దానికి వైద్యమే అక్కరలేదు. ముట్లుడిగాక చాలావరకు కుంచించుకుపోతుంది. నెలసరి వచ్చే వయస్సులో ఇంత చిన్న నీటితిత్తి, లోపల నీరు తప్ప మరేమీ లేకపోతే, చాలాసార్లు రెండు మూడు నెలల్లో తానే పోతుంది. ముట్లుడిగిన తరువాత తిత్తి కనబడినా, లోపల గట్టి భాగం ఉన్నా అశ్రద్ధ చేయరాదు.

రక్తస్రావం మాత్రం నిజం. దానికి కారణం వెదకాలి. రక్తహీనత ఎంత ఉందో చూడాలి. డాక్టరమ్మ స్వయంగా లోపలి పరీక్ష చేయాలి. అవసరమైతే గర్భసంచి లోపలి పొరను కొద్దిగా తీసి బయాప్సీకి పంపుతారు. మాత్రలు, హార్మోను లూప్ వంటి మార్గాలున్నాయి. అవి పనిచేయనప్పుడు, కారణం తేలినప్పుడు, ఆపరేషను కూడా సరైన వైద్యమే.

ఇక మీ చెల్లెలు. గర్భసంచి లోపలి పొరవంటి కణజాలం బయట పెరిగే జబ్బును ఎండోమెట్రియోసిస్ అంటారు. పైపైన ఉండే మచ్చలు స్కానింగుకు గాని, ఎం.ఆర్.ఐ.కి గాని తరచు అందవు. స్కానింగు బాగుందని ఈ జబ్బు లేదనుకోరాదనీ, లక్షణాలను బట్టి మందులు మొదలు పెట్టవచ్చుననీ ఐరోపా నిపుణుల సంఘం 2022లో సూచించింది. కాబట్టి ఆమె బాధను వంక అనకండి. స్త్రీల వైద్య నిపుణురాలికి చూపించండి.

గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు తొలి మార్పులు కూడా స్కానింగులో కనబడవు. వాటికి పాప్ స్మియర్, హెచ్.పి.వి. పరీక్ష, లేక పలుచని వెనిగరు వంటి ద్రావణం పూసి కంటితో చూసే పరీక్ష కావాలి. 30 ఏళ్ళు దాటిన స్త్రీలు ఏ బాధా లేకున్నా ఇది చేయించుకోవాలి. “స్కానింగు అయింది, ఇక భయం లేదు” అనుకోవడం పొరపాటు.

ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణముంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరపు ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో, కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. చిన్న వయస్సులో అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఒక్కసారిగా ఉడిగి, ఎముకలు బలహీనమవుతాయి. గుండెజబ్బు ముప్పు కూడా పెరుగుతుంది.

అందుచేత ఆపరేషను అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: నా జబ్బు పేరేమిటి? మందులతో ప్రయత్నించామా? అండాశయాలు ఉంచుతారా? సందేహముంటే కాగితాలన్నీ పట్టుకొని విశాఖపట్నం కె.జి.హెచ్. వంటి పెద్దాసుపత్రిలో రెండవ అభిప్రాయం తీసుకోండి.

కొన్నిటికి మాత్రం ఆలస్యం పనికిరాదు. నెల తప్పి, కడుపులో ఒక పక్క నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే గర్భం ట్యూబులో నిలిచి ఉండవచ్చు. తొలి రోజుల్లో స్కానింగుకు అది దొరకకపోవచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ముట్లుడిగాక రక్తం కనబడినా, భార్యాభర్తల కలయిక తరువాత కనబడినా వారం తిరగకుండా చూపించుకోండి.

మార్కు సువార్తలో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ మనకు తెలుసు. వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా ఖర్చు చేసుకుంది. చివరికి తన సంగతంతా దాచకుండా చెప్పుకుంది. మీరూ సిగ్గుపడక అంతా చెప్పండి. ఏ తేదీన మొదలైంది, ఎన్ని గుడ్డలు మార్చారు, నొప్పి ఎప్పుడు వస్తుంది అన్నవి ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొని వెళ్ళండి. ఏ యంత్రమూ చూపలేని సంగతులు డాక్టరమ్మకు ఆ పుస్తకంలో దొరుకుతాయి.