మనిషిని కట్టేసినోడూ, కాగితం కాల్చినోడూ

పశ్చిమాఫ్రికాలో మారిటేనియా అని ఒక దేశం. అక్కడ తల్లి బానిసైతే కడుపులో బిడ్డ కూడా బానిసే. వాళ్లని హరాటిన్లంటారు. దొరలు బైదాన్లు. పుట్టుకతోనే పని, పుట్టుకతోనే యజమాని! ఈ లెక్క మనకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

బానిసత్వం రద్దయిందని 1981లో ప్రకటించారు. నేరమని 2007లో చట్టం చేశారు. 2012 మార్చిలో ఏకంగా రాజ్యాంగంలోనే మానవాళిపై నేరమని రాసుకున్నారు. బాగుంది. మరి అదే మార్చిలో జరిగిందేమిటి? ఇద్దరు పసివాళ్లని, అన్నదమ్ముల్ని బానిసలుగా వాడుకున్నందుకు రెండేళ్ల శిక్ష పడ్డ యజమాని నాలుగు నెలలకే బెయిలు మీద బయటికొచ్చాడు. 2007 చట్టం కింద పడ్డ తొలి శిక్ష గతి అదీ!

ఏప్రిల్ 27న రాజధాని నువాక్షోత్‌లో బిరామ్ దా అబీద్ అనే హరాటిన్ బిడ్డ బానిసత్వాన్ని సమర్థించే పాత ధర్మశాస్త్ర గ్రంథాల్ని తగలబెట్టాడు. ఖురాన్ జోలికి పోలేదు. అతనూ ముస్లిమే. మనుషులు రాసిన శాస్త్రాన్నే కాల్చాడు. మర్నాడే అరెస్టు. చంపెయ్యమని వీధుల్లో ఊరేగింపులు. సెప్టెంబర్ దాకా జైలు.

శిక్ష పడ్డవాడికి నాలుగు నెలలు. ఏ శిక్షా పడనివాడికీ నాలుగు నెలలు! ఇదీ న్యాయం.

1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ మనుస్మృతిని కాల్పించినప్పుడూ పెద్దమనుషులు గింజుకున్నారు. పాత పుస్తకం, ఎవరు చదువుతున్నారని ఇప్పటికీ అడుగుతారు. చదవక్కర్లేదయ్యా, అమలు చేస్తే చాలు! చట్టం కాగితమ్మీదుంటే శాస్త్రం దొర బుర్రలో ఉంది. అది దిగేదాకా ఈ మంట ఆరదు. ఆరనివ్వం.