ఖాళీ టైమ్‌లో చేసిన కమ్మలకు కూలి లేదా?

పోయిన నెల మన గుంపులో ఒక వీడియో తిరిగింది. పనికిరాని పట్టుగూళ్ళతో కమ్మలు, జుంకాలు, దండలు చేసి ఇంట్లో కూర్చునే సంపాదించండి అని. దాని కిందనే చాలామంది అక్కలు, తమ్ముళ్ళు "మాకూ నేర్పించండి" అని పెట్టినారు. మా ఇంట్లో మూడేండ్లుగా ఈ పని జరుగుతా ఉంది కాబట్టి కొందరు మాకు ఫోన్ కూడా చేసినారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేదానికన్నా ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తుంది.

మాది చింతామణి పక్క. ఎకరంన్నర మల్బరీ తోట, బ్యాచ్‌కు 150 లేయింగులు పెడతాము. ప్రతి పంటలోనూ మూడు నాలుగు కిలోలు పక్కకు పడతాయి. జంట గూళ్ళు, మరక గూళ్ళు, ఊజీ ఈగ తొలిచినవి. శిడ్లఘట్ట మార్కెట్‌లో రీలర్లు చేత్తో తిప్పి చూసి, ఏరి పక్కన పెట్టేవి ఇవే. వాటిని ఏదో ధరకు ఇచ్చేసి వచ్చేవాళ్ళం. మా తమ్ముడి భార్యకు చెయ్యి పని బాగా వస్తుంది. ఆమె ఒక జంట గూడును అడ్డంగా కోసి, అంచులు రేకుల మాదిరి కత్తిరించి, పసుపు రంగు వేసి జుంకా చేసింది. చూసిన వాళ్ళందరూ బాగుంది అన్నారు. అట్లా మొదలైంది.

ఆ వీడియోలో ఒక లెక్క చెప్పినారు కదా. కిలోకు 500 గూళ్ళు, జతకు నాలుగు గూళ్ళు, అంటే 125 జతలు. జత 100 రూపాయలకు అమ్మితే 12,500. కిలో గూళ్ళు మార్కెట్‌లో వేస్తే వచ్చేదెంత, ఇది ఎంత అని. మేము కూడా మొదట ఇదే లెక్క వేసుకుని సంతోషపడినాము. లెక్కలో తప్పేమీ లేదు. అందులో రాయకుండా వదిలేసిన దాంట్లోనే ఉంది తప్పంతా.

మా లెక్క ఇది. జతకు కొక్కేలు 4 రూపాయలు, పూసలు 5, రంగు, దారం, గమ్ము కలిపి 4, అట్ట, కవరు 5. మొత్తం 18. ఒక జతకు కోసేది, కడిగేది, రంగు వేసేది, ఆరబెట్టేది, అంటించేది, గుచ్చేది అంతా కలిపి చెయ్యి తిరిగిన మనిషికే 50 నిమిషాలు పడుతుంది. 125 జతలకు 104 గంటలు, అంటే దినానికి ఎనిమిది గంటల చొప్పున 13 దినాలు. టౌన్‌లో ఒక అంగడి ఆయన జతకు 60 ఇస్తానన్నాడు. 125 జతలకు 7,500. సామాన్లకు 2,250 పోతే మిగిలేది 5,250. మా పక్క ఆడవాళ్ళకు కూలి 400 నడుస్తా ఉంది. 13 దినాల కూలి 5,200. అంటే వ్యాపారంలో మిగిలింది 50 రూపాయలు. అందులో చింతామణికి పోయి వచ్చే బస్సు చార్జీలు లేవు, అంగడి ఆయన వాపసు ఇచ్చినవీ లేవు.

ఈ లెక్క మేము మొదటి సంవత్సరం వేయలేదు. వేసింది మా మరదలు. ఒక రోజు పొద్దున్నే వచ్చి, "బావా, కూలికి పోతే దినానికి నాలుగొందలు చేతికిస్తారు. ఇంట్లో కూర్చుని మెడ నొప్పులు తెచ్చుకుని చేస్తే నాకు ఒక్క రూపాయీ కనపడలేదు. రేపటినుంచి టమోటా కోతకు పోతా" అనింది. మాకు కోపం వచ్చిన మాట నిజం. ఇంటికోసం చేసేదానికి కూలి ఏమిటి అని మా అమ్మ కూడా అనింది. ఆ రాత్రి కూర్చుని చూస్తే, కమ్మల దుడ్లు అన్నీ చాకీ పురుగుల బిల్లుకూ, బ్లీచింగ్ పౌడరుకూ, ఒకసారి మోటారు రిపేరుకూ పోయినాయి. ఆమె చేతికి దసరాకు ఒక చీర తప్ప ఏమీ రాలేదు. ఆమె చెప్పినట్టే టమోటాకు పోయింది. రెండు నెలలు ఇంట్లో ఒక్క కమ్మ తయారు కాలేదు. మా ఇంటామె, మేము కలిసి ప్రయత్నించినాం. మేము చేసిన జుంకాలు మా పిల్లలే వేసుకోలేదు.

అందుకే మేము గట్టిగా చెప్పేది ఒకటే. ఈ పని చేయాలనుకుంటే చేసే మనిషి కూలి మొదట రాసి, తర్వాతే ధర పెట్టండి. "ఖాళీ టైమే కదా, ఊరికే కూర్చోకుండా ఏదో ఒకటి" అనే మాట మన పట్టు ఇళ్ళల్లో అస్సలు కుదరదు. పురుగులు ఐదో దశలో ఉన్నప్పుడు రాత్రి కూడా ఆకు వేసే ఇంట్లో ఖాళీ ఎవరికి ఉంది? ఉన్న ఖాళీ అంతా ఆడవాళ్ళ నిద్రలోనుంచి తీసిందే.

ఒక పెద్దాయన మాతో అన్నాడు: రేష్మెలో మాత్రం మన కూలి మనం లెక్క వేసుకుంటామా? వేసుకుంటే ఎప్పుడో తోట పెరికేసి ఉంటాము కదా అని. మాట నిజమే. గూడు ధర పడిపోయిన నెలల్లో మనం నిలబడేది మన ఇంటి కూలిని లెక్కలో వదిలేసుకునే. కానీ గూడు ధర మన చేతిలో లేదు, వేలంలో తేలుతుంది. కమ్మ ధర మనమే పెట్టేది. మన చేతిలో ఉన్న ధరను కూడా మనమే తక్కువ పెట్టుకుంటే ఎవరిని అడగాలి?

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. పనికిరాని గూడు ఊరికే వస్తుంది కాబట్టి లాభం అనుకుంటారు. కిలో 600 పలికే మంచి గూడు వేసినా, కిలోకు 500 గూళ్ళంటే ఒక్కోటి రూపాయి ఇరవై పైసలు. నాలుగింటికి ఐదు రూపాయలు కూడా కాదు. ఒక జతలో గూడు విలువ అంతే. మిగతా విలువంతా కత్తెర పట్టిన చేతిది. కాబట్టి ఇది పట్టు పనికి తోకగా వచ్చే పని కాదు, వేరే వృత్తి. చెయ్యి, ఓపిక, అమ్మే నోరు ఉన్న వాళ్ళు చేయాలి. లేని వాళ్ళు జంట గూళ్ళను వచ్చిన ధరకు అమ్ముకుని నిద్రపోవడమే మేలు. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

మా మరదలు మళ్ళీ ఎట్లా మొదలుపెట్టిందో చెప్తాము. వేరే బుక్కు పెట్టినాము. ఆమె పేరుతోనే బ్యాంక్ అకౌంట్, ఫోన్‌లో స్కాన్ చేసే కోడ్ కూడా ఆ అకౌంట్‌కే. సామాను 18, కూలి 42, పాడైపోయేవాటికీ తిరిగేదానికీ 20. అంగడికి 80 కంటే తక్కువకు ఇవ్వము, నేరుగా అయితే 120. ఆ 60 ఇచ్చే అంగడి ఆయన మానేసినాడు. మొదటి నెల భయమేసింది. తర్వాత గురుపౌర్ణమికి కైవారంలో చిన్న బల్ల వేసుకుని కూర్చుంటే ఒక్క రోజులో 31 జతలు పోయినాయి. బల్ల మీద కోయని ఎండు గూడు ఒకటి పెట్టినాము. పిల్లలు దాన్ని ఊపితే లోపల ప్యూపా గలగలమంటుంది. "ఇది మా ఇంట్లో పెరిగిన గూడే, ఇదిగో దీన్నే కోసి చేసింది" అంటే బెంగళూరు నుంచి వచ్చిన వాళ్ళు బేరం తగ్గించినారు. కైవారం తాతయ్య గారు కూడా గాజుల వ్యాపారం చేసిన వారే. ఆయనకు ఆ వ్యాపారంలో లాభం నిలవలేదని పెద్దలు చెప్తారు. ఆయనకు వేరే దారి ఉండె, మనకు అప్పులున్నాయి.

ఇప్పుడు పని గురించి కొన్ని మాటలు, ఎందుకంటే తెలియక మేము చాలా పోగొట్టుకున్నాము. గూడు తాజాగా ఉన్నప్పుడే కోసి ప్యూపా తీసేయండి, కోళ్ళు తింటాయి. లోపలే ఎండిపోతే నూనె మరక దిగుతుంది, వాసన పోదు. రంగు వేసేటప్పుడు సోడా వేసి మరగబెట్టకండి. గూడు గట్టిగా నిలబడేది దాని జిగురు వల్లనే, జిగురు కరిగితే దూది మాదిరి అయిపోతుంది. గోరువెచ్చని నీళ్ళు చాలు. తెల్ల బైవోల్టిన్ గూడుకు రంగు సమంగా పడుతుంది. మన పచ్చ సీబీ గూడు చూడ్డానికి బంగారం మాదిరి ఉన్నా, ఆ రంగు కూడా జిగురులోనే ఉంటుంది, ఎండకు వెలిసిపోతుంది. కొనేవాళ్ళకు ముందే చెప్పేయండి. నీళ్ళు తగలకూడదని కూడా చెప్పండి, చెప్పకపోతే వాపసు వస్తాయి. ఒడిశా పక్క మన వాళ్ళకు దసలి గూళ్ళు దొరికితే అదృష్టమే. అవి గట్టివి, రంగు వేయకుండానే మట్టి రంగులో బాగుంటాయి, కాడతో సహా వాడుకోవచ్చు.

అన్నిటికన్నా పెద్ద తప్పు రెండో సంవత్సరం చేసినాము. ఆర్డర్లు ఎక్కువై మా గూళ్ళు చాలక, బయటినుంచి చిల్లు గూళ్ళు రెండు మూటలు కొన్నాము. పెట్టేదానికి చోటు లేక పురుగుల ఇంటి పక్క గదిలో వేసినాము. ఆ తర్వాతి బ్యాచ్‌లో నాలుగో జ్వరం లేచినాక పాలరోగం పడింది. నూరు కిలోలు రావాల్సిన చోట 38 కిలోలు. ఆ నెల వానలు కూడా ఎక్కువే, కాబట్టి మూటల వల్లనే అని ప్రమాణం చేయలేము. కానీ పాలరోగం విషం దుమ్ములో ఏండ్ల తరబడి బతుకుతుంది. ఎవరి ఇంట్లో ఏ రోగం ఉండిందో తెలియని గూళ్ళను తెచ్చి మన పురుగుల పక్కన పెట్టుకునేది మన చేతులతో మనమే తెచ్చుకునేది. మూటలు విప్పితే లోపల చిన్న నల్ల పెంకు పురుగులు కూడా కనపడినాయి. అవి గూళ్ళను తొలిచి ప్యూపాను తింటాయి. వార్నిష్, గమ్ము వాసనలు కూడా అంతే. దోమల కాయిల్ పొగకే పడిపోయే పురుగు మనది. ఇప్పుడు కమ్మల పని అంతా తమ్ముడి ఇంటి వరండాలో. అక్కడినుంచి పురుగుల ఇంటికి పోవాలంటే స్నానం చేసి, బట్టలు మార్చుకునే పోవాలి. 38 కిలోల బ్యాచ్‌లో పోయింది మూడేండ్ల కమ్మల లాభంకన్నా ఎక్కువ.

శిక్షణ ఇస్తాము, కిట్ కొనండి, మీరు చేసినవి మేమే తిరిగి కొంటాము అనే వాళ్ళతో జాగ్రత్త. మా మరదలు, పక్కింటి అక్క కలిసి 8,500 కట్టినారు. 200 జతలు పంపితే 160 వాపసు వచ్చినాయి, ఫినిషింగ్ బాగలేదని. మిగతా 40కి దుడ్లు వచ్చేదానికి నాలుగు నెలలు. కిట్ అమ్మేదే వాళ్ళ వ్యాపారం, కమ్మలు కాదు. అట్లాగే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు దుడ్లు కట్టకండి. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఊరికే అవుతుంది. మా దగ్గర ఒకాయన 700 తీసుకున్నాడు, తర్వాత తెలిసింది.

గుంపులో ఉన్న అందరం ఒకే జుంకా చేయడం మొదలుపెడితే ఆ 60 రూపాయల అంగడి ఆయనకే పండగ. ఒకరు 55కి ఇస్తారు, ఇంకొకరు 50కి. చేసేవాళ్ళు ముందే మాట్లాడుకుని 80కి తక్కువ ఎవరూ ఇవ్వకుండా ఉండగలరా? చింతామణి, శ్రీనివాసపురం, హోసూరు పక్కల చేసే అక్కలు ఉంటే గుంపులో పేరు పెట్టండి, ఒకసారి కలుద్దాము.

ప్రస్తుతం మా ఇంట్లో పురుగులు రెండో జ్వరంలో ఉన్నాయి. వరమహాలక్ష్మి పండగకు చీరకు సరిపోయే సెట్లు 22 ఆర్డర్ వచ్చినాయి. మా మరదలు 14 ఒప్పుకుని, మిగతా 8 మందికి పండగ దాటినాకే అని చెప్పేసింది. నాలుగో జ్వరం లేచినాక కత్తెర ముట్టనని గోడ మీద క్యాలెండర్‌లో గీత గీసి పెట్టింది. ఆ గీతను మేము ఎవరమూ చెరపలేదు.