సంపు ఆయనది, బక్కెట్లు నావి

మన ఊళ్లల్లో సంపు అంటే ఏమిటి? మున్సిపాలిటీ వాళ్లు నీళ్లు వదిలినప్పుడు పట్టి దాచుకునే తొట్టి. తెనాలిలో మా అమ్మవాళ్లింట్లో సంపు నిండితే ఇంటిల్లిపాదికీ నిశ్చింత. న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్నాక తెలిసింది, ఇక్కడ సంపు నిండితే ఏడుపేనని!

ఇక్కడ చాలా ఇళ్లకు కింద బేస్‌మెంట్ ఉంటుంది. దాని నేలలో ఓ మూల చిన్న గొయ్యి. పునాదుల చుట్టూ ఊరిన నీళ్లు అందులోకి చేరతాయి. నీళ్లు పెరగ్గానే లోపలి బెండు పైకి తేలి స్విచ్చి వేస్తుంది, మోటారు వాటిని గొట్టంలోంచి బయటికి తోసేస్తుంది. అంతా కరెంటు మీదే నడుస్తుంది. మరి కరెంటు పోతే? ఇల్లు కొన్న ఏడాదే మావారిని అడిగాను. "ఇదేమన్నా తెనాలి అనుకున్నావా?" అని నవ్వేశారు. ఆ ఏడాది హాల్లోకి పెద్ద టీవీ వచ్చింది.

2021 సెప్టెంబరు 1. ఐడా తుపాను తాలూకు వాన. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 3.15 అంగుళాలు కురిసిందంటే చూడండి. కుండపోత వానకీ కరెంటు కోతకీ ఉన్న చుట్టరికం మనకి తెలియనిదా? మోటారు ఎప్పుడు కావాలో అప్పుడే కరెంటు పోయింది. మావారు ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్నారు. నేనూ, మా పదేళ్ల అమ్మాయీ సెల్‌ఫోను వెలుగులో తెల్లవార్లూ బక్కెట్లతో తోడాం. అది తెలివితక్కువ పని. నీళ్లు ప్లగ్గుల దాకా వచ్చి ఉండగా కరెంటు వచ్చుంటే ఇద్దరం మిగిలేవాళ్లం కాదు. ఆ రాత్రే క్వీన్స్‌లో బేస్‌మెంట్లలో కాపురముంటున్న వాళ్లు కొందరు నీళ్లలో చిక్కుకుని చనిపోయారు. వాళ్ల ముందు నా నష్టం నష్టమే కాదు. అయినా చెబుతాను. అట్టపెట్టెలో నేలమీద పెట్టిన మా అమ్మ ఉత్తరాలు. అమ్మ పోయి ఆరేళ్లయింది. నీలం సిరా అంతా కరిగి కాగితాలు ముద్దయిపోయాయి. ఇన్సూరెన్సు వాళ్లు, మామూలు పాలసీలో సంపు పొంగటం రాదు, దానికి విడిగా కట్టాలన్నారు.

మర్నెల బ్యాటరీ మోటారు పెట్టించాం. అదే గొయ్యిలో రెండో చిన్న మోటారు, దాని బెండు మొదటిదానికన్నా కాస్త పైన. పక్కనే 12 వోల్టుల బ్యాటరీ, చార్జరు, కూతపెట్టే అలారం. అన్నీ కలిపినా ఆ టీవీ ధరలో సగం కాలేదు. ప్రశ్నలు నేనడుగుతుంటే ప్లంబరు మావారి మొహం చూసి జవాబులు చెప్పాడు. పాత కారు బ్యాటరీ పనికిరాదా అని మావారి ప్రశ్న. రాదు. అది బండి స్టార్టు చేయడానికి ఒక్క ఊపు ఇచ్చేది. గంటల తరబడి ఇచ్చేది వేరే రకం, మన ఇన్వర్టరు బ్యాటరీ లాంటిది. దాన్లో డిస్టిల్డ్ వాటర్ తగ్గకుండా మా అమ్మే పోసేది. ఇన్వర్టరంటే మగవాళ్ల వ్యవహారమని ఆవిడకెవరూ చెప్పినట్టు లేదు.

ఇక్కడ నా స్నేహితురాళ్లు కంప్యూటర్లతో కుస్తీ పట్టేవాళ్లే. బేస్‌మెంట్ మాటెత్తితే మాత్రం "అదంతా ఆయన చూసుకుంటారే" అంటారు. ఆయన ఊళ్లో లేని రాత్రి ఎవరు చూస్తారమ్మా? మోటారు ఎక్కడుందో, దాని ప్లగ్గు ఏదో, బ్యాటరీ కొని ఎన్నేళ్లయిందో తెలుసుకోవటానికి ఇంజినీరింగు చదవాలా? మూడు నుంచి అయిదేళ్లకు బ్యాటరీ మార్చాలి. ఆ తేదీ నేను గ్యాస్ బండ తేదీ రాసుకున్నట్టే గోడమీద రాసిపెట్టాను.

ఇప్పుడు నెలకోసారి పెద్ద మోటారు ప్లగ్గు తీసి, గొయ్యిలో నీళ్లు పోసి, చిన్నది లేస్తుందో లేదో చూస్తాం. అవే బక్కెట్లు. మొన్న ఆ కూత విని మావారు పరుగున దిగొచ్చి "ఏమైంది?" అన్నారు.

ఏమైందో మా అమ్మాయి చెప్పింది. ఆయన నిలబడి విన్నారు.