మైలేజీ లెక్క సరే, వడ్డీ లెక్క ఏది?

పత్తి మొదటి ఏరుడు అమ్మిన డబ్బు చేతికొచ్చే రోజుల్లో మా సంఘం ఆఫీసుకు వచ్చే రైతులు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. పాసుపుస్తకంలో తప్పు గురించో, తేమ పేరుతో కోసేసిన ధర గురించో మాట్లాడుకుని, చాయ్ తాగి, లేవబోతూ అడుగుతారు: "అన్నా, బండి తీసుకుందామనుకుంటున్న. స్ప్లెండరా, ప్లాటినానా?"

రైతు సంఘానికి మోటారు సైకిళ్లతో ఏం పని అని కొందరు అనుకోవచ్చు. పని ఉంది. మా నాయనల కాలంలో ఇంటి ముందు ఎడ్లబండి ఉండేది, ఉన్నోళ్లకు సైకిలు ఉండేది. 1980లో టీవీఎస్ 50 వచ్చింది, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది, 1994లో స్ప్లెండర్ వచ్చింది. ఈ నలభై ఏళ్లలో ఎడ్లు పోయాయి. దున్నడానికి ట్రాక్టరు కిరాయికి వస్తుంది, కోయడానికి మిషను కిరాయికి వస్తుంది. సన్నకారు రైతుకు సొంతంగా మిగిలింది ఒక్క ఈ బండే. 45 కిలోల యూరియా బస్తా దీని మీదే వస్తుంది. పాల క్యాన్లు దీని మీదే పోతాయి. బోరు మోటారు కాలిపోతే వైండింగుకు దీని మీదే కట్టుకుని పోతాం. రాత్రి కరెంటు ఇచ్చినప్పుడు బావి దగ్గరికి దీని మీదే ఉరుకుతాం. కాబట్టి ఇది మన పనిముట్టు. నాగలి కొనేముందు కర్ర చూసినట్టే, దీన్ని కొనేముందు కూడా చూడాలి.

రెండు బండ్ల సంగతి

ముందు అడిగిన దానికి జవాబు చెబుతాం. స్ప్లెండర్ ప్లస్ ఇంజను 97.2 సీసీ, ప్లాటినా 100 ఇంజను 102 సీసీ. రెండింటికీ నాలుగు గేర్లే, బలం కూడా దాదాపు ఒకటే. స్ప్లెండర్ 112 కిలోలు, ప్లాటినా 117 కిలోలు. స్ప్లెండర్ ట్యాంకు 9.8 లీటర్లు, ప్లాటినాది 11 లీటర్లు. మనకు అసలు తేడా కనిపించేది బండి అడుగు ఎత్తులో. స్ప్లెండర్ నేల నుంచి 165 మిల్లీమీటర్లు ఉంటే, ప్లాటినా 200 మిల్లీమీటర్లు ఉంటుంది. ట్రాక్టర్లు తిరిగి మధ్యలో దిమ్మె లేచిన బండ్ల బాటలో ఆ వేలెడు తేడా చాలా పెద్దది. ప్లాటినా సీటు పొడుగు, కుదుపు తక్కువ. నడుము నొప్పి ఉన్నవాళ్లు దాన్నే మెచ్చుకుంటారు. పొట్టివాళ్లకు మాత్రం కాలు ఆనించడం కొంచెం కష్టం. వరి మడి పక్కన బురదలో బండి ఒరిగినప్పుడు అది తెలుస్తుంది.

స్ప్లెండర్‌కు ఉన్న బలం వేరు. ఏ ఊళ్లోనైనా చెట్టు కింద కూర్చున్న మెకానిక్కు ఆ బండిని కళ్లు మూసుకుని విప్పుతాడు. చైను, క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు మండలంలోనే దొరుకుతాయి. అవసరం వచ్చి అమ్ముకోవాలన్నా నలుగురు అడుగుతారు. ఆడపిల్ల ఫీజుకో, ఆసుపత్రి ఖర్చుకో బండి అమ్ముకున్న రైతులు మనలో ఎంతమంది లేరు? మళ్లీ అమ్మితే వచ్చే ధర మనకు చిన్న విషయం కాదు.

అందుకని మేము చెప్పేది ఇది. ఎక్కువ తిరుగుడు తారు రోడ్డు మీదైతే, దగ్గరలో మెకానిక్కు ఒక్కడే ఉంటే, స్ప్లెండర్. చేను దూరమై, బాట చెడిపోయి, నడుము సహకరించకపోతే, ప్లాటినా. ఊరికీ చేనుకీ మధ్య బరువులు మోయడమే పనైతే రెండూ వద్దు, గేర్లు లేని ఎక్స్‌ఎల్ 100 చూడండి. పాత బండి ఇంకా నడుస్తుంటే ఇంజను బాగు చేయించి ఇంకో రెండేళ్లు లాగండి. అప్పు లేని పాత బండి, అప్పున్న కొత్త బండి కంటే ఎప్పుడూ మేలు.

జవాబు అయిపోయింది. కానీ ఇది అసలు ప్రశ్న కాదు.

రెండు లెక్కలు పక్కపక్కన

మన వాళ్లు బండి కొనేటప్పుడు మైలేజీ గురించి గంటలు గంటలు వాదిస్తారు. ఒకడు అరవై అంటాడు, ఇంకొకడు అరవై అయిదు అంటాడు. సరే, లెక్క వేద్దాం. రోజుకు 40 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు తిరిగితే 12,000 కిలోమీటర్లు. లీటరు 108 రూపాయలు అనుకుందాం. అరవై ఇచ్చే బండికి 200 లీటర్లు, అంటే 21,600 రూపాయలు. అరవై అయిదు ఇచ్చే బండికి 185 లీటర్లకు కొంచెం తక్కువ, అంటే దాదాపు 19,940 రూపాయలు. తేడా ఏడాదికి 1,660 రూపాయలు. నెలకు 140 కూడా కాదు.

ఇప్పుడు రెండో లెక్క. షోరూములో కుర్రాడు కుర్చీ వేసి, నీళ్లిచ్చి, "నూటికి రూపాయే వడ్డీ పెద్దాయనా, మీ ఊళ్లో రెండు రూపాయలు తీసుకుంటారు" అంటాడు. 60,000 ఫైనాన్సు, మూడేళ్లు. ఏడాదికి 12 శాతం చొప్పున మూడేళ్లకు 21,600 వడ్డీ కలిపి, 81,600ను 36 కిస్తీలు చేస్తాడు. నెలకు 2,267. వినడానికి బాగానే ఉంది. కానీ మనం ప్రతి నెలా అసలు కూడా కడుతున్నాం కదా. ఏడాదిన్నర తర్వాత మన దగ్గర ఉన్న అసలు సగానికి దగ్గరగా తగ్గిపోతుంది. వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం 60,000 మీదే కడుతుంటాం. దీన్నే ఫ్లాట్ వడ్డీ అంటారు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే ఇది ఏడాదికి 21 శాతం పైనే. మన భాషలో చెప్పాలంటే నూటికి రూపాయి ముప్పావలా. నిజంగా రూపాయి వడ్డీయే అయితే మూడేళ్లకు 11,750 దాటదు. అంటే "రూపాయి" అన్న ఒక్క మాటలో దాదాపు పదివేలు పోయాయి. అయిదు కిలోమీటర్ల మైలేజీ తేడాతో ఆ పదివేలు రాబట్టాలంటే ఆరేళ్లు పడుతుంది.

దీని మీద ఫైలు ఖర్చులు, కాగితాల ఖర్చులు, అడగని ఉపకరణాలు. ఒక కిస్తీ తప్పితే జరిమానా. పంట డబ్బు ఏడాదికి రెండుసార్లు వస్తుంది, కిస్తీ నెలనెలా వస్తుంది. మనకు ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

ఒక చట్టబద్ధమైన ఆయుధం మన చేతిలో ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులైనా, ఫైనాన్సు కంపెనీలైనా ఇలాంటి ప్రతి అప్పుకూ ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతుందో అందులో ఉండాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగులో ఆ కాగితం ఇవ్వండి అని అడగండి. ఇవ్వకపోతే సంతకం పెట్టకండి. దసరాకు బండి రాకపోతే కొంపలేమీ మునగవు.

మూడు కాగితాలు

ఇక రాయడానికి చెయ్యి రాని సంగతి. మా మండలంలో ఒక కౌలు రైతు, సంఘం సభ్యుడు, రెండేళ్ల కింద బండి తీసుకున్నాడు. పాత పంట రుణం మాఫీ అవుతుందని చూస్తూ రెన్యువల్ చేయక, బాకీ మొండిదై, సిబిల్ స్కోరు పడిపోయింది. ఫైనాన్సు రాదన్నారు. బావమరిది పేరు మీద తీసుకున్నాడు. లైసెన్సు లేదు. మనలో సగం మందికి లేనట్టే అతనికీ లేదు. బండితో వచ్చిన హెల్మెట్ ఇంట్లో మేకుకు వేలాడుతూ ఉండేది.

కోతల కాలంలో ఒక రాత్రి వస్తూ రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం రాశిని గుద్దాడు. పైన నల్ల టార్పాలిన్, చుట్టూ రాళ్లు. చీకట్లో కనిపించలేదు. పొద్దున దాకా ఎవరూ చూడలేదు.

అతని భార్యను వెంటబెట్టుకుని మేము తిరగని ఆఫీసు లేదు. రైతు బీమా అయిదు లక్షలు వస్తుందేమో అనుకుంది ఆమె. అది పట్టా ఉన్న రైతుకే, కౌలు రైతుకు లేదు. బండికి ఇన్సూరెన్సు ఉంది కదా అని అడిగింది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి, నిజమే. కానీ అది మన బండి వల్ల ఎదుటివాడికి జరిగిన నష్టానికి. నడిపే యజమానికి 15 లక్షల ప్రమాద బీమా వేరే ఉంటుంది. అది రావాలంటే ఆర్సీలో పేరు నడిపినవాడిదే కావాలి, అతనికి లైసెన్సు ఉండాలి, పాలసీ గడువులో ఉండాలి. ఇతని విషయంలో ఆర్సీ బావమరిది పేరు మీద ఉంది. లైసెన్సు లేదు. ఏడాదికే కట్టిన ఆ ప్రమాద బీమా గడువు దాటి ఎనిమిది నెలలైంది. మూడు కాగితాల్లో ఒక్కటీ లేదు. కిస్తీలు మాత్రం ఆగలేదు, బావమరిది ఇప్పటికీ కడుతున్నాడు.

ఈ తప్పు ఎవరిది? బండిది కాదు. ఆ ధాన్యం ఆరబోసినవాడూ మనలాంటి రైతే. కల్లాలు లేక రోడ్డెక్కించాడు. అయినా మనం ఒప్పుకోవాలి: ప్రభుత్వం కల్లం కట్టించలేదన్న కోపంతో మన తోటి రైతు దారిలో రాళ్లు పేర్చే హక్కు మనకు లేదు. తప్పనిసరై ఆరబోస్తే చీకటి పడేలోపు ఒక పక్కకు లాగండి, రాళ్లు తీసేయండి, మెరిసే పట్టీలు కట్టండి. ట్రాక్టరు ట్రాలీ వెనకాల కూడా ఆ పట్టీలు వేయండి. పది రూపాయల పట్టీ ఒక ఇంటి దీపం ఆరకుండా కాపాడుతుంది.

బండి కొనే ప్రతి సభ్యుడికీ సంఘం తరఫున మేము చెప్పే మాటలు ఇవి:

1. నడిపేవాడి పేరు మీదే ఆర్సీ ఉండాలి. పాత బండి కొంటే వెంటనే 29, 30 నంబరు ఫారాలతో పేరు మార్పించుకోవాలి. దాని మీద ఫైనాన్సు ఉండి తీరిపోతే, ఫైనాన్సరు సంతకంతో 35వ నంబరు ఫారం ఇచ్చి ఆర్సీలోంచి ఆ బాకీ కొట్టేయించాలి.

2. బండి కంటే ముందు లైసెన్సు. లేకుండా పట్టుబడితే జరిమానా 5,000. అంతకంటే పెద్ద జరిమానా ఏంటో పైన రాశాం.

3. యజమాని ప్రమాద బీమా ఎన్నేళ్లకు ఇచ్చారో చదవండి. ఒక్క ఏడాదికే అయితే ఆ తేదీ గోడ మీద రాసుకోండి.

4. బండితో పాటు ఐఎస్ఐ హెల్మెట్ ఇవ్వాలన్నది కేంద్ర మోటారు వాహనాల నిబంధనే. అడిగి తీసుకోండి, తీసుకున్నాక పెట్టుకోండి.

మనం అడగాల్సినవి

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. చిన్న మోటారు సైకిళ్ల మీద 28 నుంచి 18కి వచ్చింది. మంచిదే. 60,000 విలువ చేసే బండి మీద ఆరువేలు మిగిలాయి. కానీ రెండెకరాల రైతు ట్రాక్టరు కొనడు, బండే కొంటాడు. ట్రాక్టరు పనిముట్టైతే బండి ఎందుకు కాదు? మనం పండించిన మక్కలు, నూకలు, చెరకు నుంచి తీసిన ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలే ఇప్పుడు బంకుల్లో పోస్తున్నారు. దానివల్ల బండి మైలేజీ 3, 4 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ పత్రమే చెప్పింది. ధర మాత్రం ఆ మేరకు తగ్గించలేదు. ఆ పెట్రోలు మీద తెలంగాణలో వ్యాట్ 35.2 శాతం.

పంట రుణం గడువులో కడితే రైతుకు పడే వడ్డీ 4 శాతం. అదే రైతు అదే పంట కోసం బండి కొంటే 21 శాతం. బ్యాంకులు, సహకార సంఘాలు రైతు బండికి వ్యవసాయ రుణంగా, పంటకు పంటకు కట్టే కిస్తీలతో అప్పు ఇవ్వాలని మనం అడగాలి. 2011 చట్టం ప్రకారం కౌలు రైతులకు రుణ అర్హత కార్డులివ్వాలి, రైతు బీమా వాళ్లకూ వర్తింపజేయాలి. ప్రతి ఊళ్లో కల్లాలు కట్టాలి. మండల కేంద్రంలోనే లైసెన్సు మేళాలు పెట్టాలి. వచ్చే మండల మహాసభలో ఈ నాలుగింటి మీద తీర్మానం పెడుతున్నాం.

ఈలోగా ఆఫీసుకు రండి. స్ప్లెండరా, ప్లాటినానా అని అడగండి, చెబుతాం. వచ్చేటప్పుడు మీ బండి కాగితాలన్నీ ఒక కవరులో పెట్టుకుని రండి. చాయ్ తాగేలోపు చూసి పెడతాం.