చెవికి కొత్త పొర, మరి మన వంతెప్పుడు?

హన్మకొండలో చెవి డాక్టరు దగ్గర మా తోడికోడలు అడిగిన మొదటి ప్రశ్న "బాగైతదా?" అని కాదు. "ఎన్ని రోజులు పండుకోవాలె సారూ?" అని! చిన్నప్పట్నుంచీ చీము కారే చెవి. కర్ణభేరికి చిల్లి పడిందట. ఇన్నేళ్లూ దూది పెట్టుకుని తలంటుకుంటూ, పిలిస్తే పలకదని మా అత్తగారితో మాటలు పడుతూ నెట్టుకొచ్చింది.

ఈ చిల్లి పూడ్చడానికి చెవి పైన కండరం మీదుండే పల్చటి పొరను కోసి తెచ్చి లోపల అతికిస్తారు. దశాబ్దాలుగా చేస్తున్నదే, మంచి ఆపరేషనే. కానీ కోత, కుట్లు, ఆపైన కొన్ని వారాలు చెవిలో నీళ్లు పడకూడదు, బరువులెత్తకూడదు. మరి ఇంట్లో నీళ్ల బిందె ఎత్తేదెవరు?

అందుకే ఒంటి మీద కోయక్కర్లేని, బయట తయారుచేసిన పొరల గురించి చదివినప్పుడు ఆశ పుట్టింది. 1887లోనే బోస్టన్‌లో బ్లేక్ అనే డాక్టరు చిల్లి మీద కాగితం ముక్క అతికించి చూశాడు. అదే ఊళ్లో 2013 మారథాన్ బాంబు పేలుళ్లలో చాలామంది కర్ణభేరులు చిరిగాయి. అతుకులు అందరికీ కుదరకపోవడం చూసిన డాక్టర్లు, హార్వర్డ్ పరిశోధకులతో కలిసి త్రీడీ ప్రింటర్‌తో పొర అచ్చువేసి జంతువుల మీద పరీక్షించారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లోనైతే పట్టుదారంలోని ప్రోటీన్‌తో కాంటాక్ట్ లెన్స్ లాంటి పొర తయారుచేశారు. (మన మహదేవపూర్ టస్సర్ కాదులెండి, మల్బరీ పట్టు.) జపాన్ 2019లో ఇంకో దారి పట్టింది. మందులో నానిన జెలటిన్ స్పాంజి పెడితే, కర్ణభేరి తనంతట తానే పెరిగి చిల్లి పూడుతుంది.

ఇలాంటివి మన దాకా రావాలంటే మనుషుల మీదా పరీక్షించాలి. అక్కడే నాకు పక్కనున్న ఖమ్మం గుర్తొస్తుంది. 2009లో గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా అధ్యయనంలో పదేళ్లు దాటిన ఆడపిల్లలకు సూదులు వేశారు. చాలామందికి తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో ఆపేశారు. 2013లో పార్లమెంటరీ సంఘం తప్పుపట్టింది. ఇప్పుడు 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల ప్రకారం రోగికి అన్నీ వివరించి, ఒప్పుకున్నాకే పరీక్షించాలి. సరే, కానీ చెవి వినిపించని మనిషికి ఆ కాగితం ఎవరు, ఎంత ఓపిగ్గా చదివి చెప్తారు? పక్కనున్న మొగుడు తలూపితే చాలనుకుంటారా?

మా తోడికోడలు డాక్టరు చెప్పిన రోజులు వేళ్ల మీద లెక్కేసుకుని, "పిల్లల పరీక్షలయ్యాక చూద్దాం తియ్ అక్కా" అంది. నేను వినలేదు. ఆపరేషన్ తేదీ రాయించుకునే బయటికొచ్చాం.