ఆ వేళ్ల చదువు

మెడ పట్టేసి పది రోజులైంది. కుడివైపు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. కారు రివర్స్ చెయ్యడం మా ఆవిడ వంతైంది. డాలస్‌లో మేముండే చోటికి దగ్గర్లోనే ఒక మసాజ్ థెరపిస్టు ఉంది, బాగా చేస్తుందని ఆఫీసులో ఎవరో చెప్తే వెళ్లాను. ఆవిడకి చూపు లేదు. ఈ ముక్క చెప్పగానే మన వాళ్ల నోట మొదట వచ్చేది "అయ్యో పాపం". ఆ వెంటనే "మరి ఎలా చేస్తుందిరా?"

ఎలా చేస్తుందో చెప్తాను. నూనె సీసా నడుముకి కట్టుకున్న బెల్టులో ఉంటుంది. నా మీద కప్పిన దుప్పటిని వీపు మీద ఎంతవరకు మడవాలో అంతవరకే మడిచింది. నొప్పి మెడలో అని చెప్తే ఆవిడ మెడ జోలికే పోలేదు. రెక్క ఎముక పై మూలన బొటనవేలు ఆనించి "ఇక్కడేనా?" అంది. ప్రాణం జివ్వుమంది. నరం పట్టేసినట్టుందన్నాను. మనకి ఒంట్లో ఏది పట్టేసినా నరమే కదా! నరం కాదు, మెడ నుంచి ఈ మూలకి దిగే కండరం, పేరు లెవేటర్ స్కాపులే, కంప్యూటరు ముందు భుజాలు పైకి లాక్కుని కూర్చుంటావు కదూ అంది. నా ఉద్యోగమేమిటో ఆవిడకి అప్పటికి నేను చెప్పలేదు.

ఈ సంగతి విన్న ప్రతివాడూ "దేవుడు ఒకటి తీసుకుంటే ఇంకోటి ఇస్తాడు" అని తేల్చేస్తాడు. నాకు ఒళ్లు మండేది అక్కడే. టెక్సస్‌లో మసాజ్ లైసెన్సుకి 500 గంటల చదువు కావాలి, న్యూయార్క్‌లో 1,000. చాలా రాష్ట్రాలు ఒప్పుకునే ఎంబ్లెక్స్ పరీక్షలో 100 ప్రశ్నలు. చూపు లేనివాళ్లకని వేరే సులువు పేపరేమీ లేదు. కండరాల మొదళ్లూ చివర్లూ చెవితో విని, ప్లాస్టిక్ అస్థిపంజరాన్ని తడిమి తడిమి నేర్చుకుంది ఆవిడ. అదంతా తీసుకెళ్లి దేవుడి ఖాతాలో జమ చేస్తాం. మన పుత్తూరు కట్టు కట్టే ఆయన విరిగిన ఎముకని వేళ్లతో పసిగడితే మాత్రం అది తాతల నాటి విద్య. ఆయనది విద్య, ఈవిడది వరమా?

చూపు లేనివాళ్ల విద్య ఇవాళ్టిది కాదు. పదిహేడో శతాబ్దంలో జపాన్‌లో సుగియామా వాయిచి అనే అంధ వైద్యుడు ఆక్యుపంక్చర్ సూదిని సన్నటి గొట్టంలోంచి దించే పద్ధతి తెచ్చాడు. ఆ గొట్టాన్ని ఇవాళ చూపున్న వైద్యులు దేశదేశాల్లో వాడుతున్నారు. అమెరికాలో మాత్రం 1938 నాటి కార్మిక చట్టంలో 14(సి) అని ఒక సెక్షన్ ఉంది. అనుమతి పత్రం తెచ్చుకున్న యజమాని, వైకల్యం ఉన్నవాళ్లకి కనీస వేతనం కన్నా తక్కువ ఇవ్వొచ్చు. కొన్ని రాష్ట్రాలు దాన్ని మానేశాయి గానీ దేశం మొత్తం మీద రద్దు కాలేదు. సొంతంగా పని చేసుకునే ఈవిడకి అది వర్తించదు. అయినా ఆ లెక్క జనం బుర్రలోంచి పోతేనా! నేను నంబరిచ్చిన స్నేహితుడు అడిగిన మొదటి ప్రశ్న: "చూపు లేదంటున్నావు, రేటు తక్కువే కదా?"

ఇంకో మెప్పు ఉంది. "ఆవిడకి కనపడదుగా, మొహమాటం ఉండదు" అని. ఆవిణ్ని గదికి కట్టిన తెర కింద లెక్కేశారు.

ఇక డబ్బు పుచ్చుకోవడం ఇంకో చిక్కు. డాలరు నోట్లన్నీ ఒకే సైజు. ఇది అంధుల పట్ల వివక్షేనని 2008లో వాషింగ్టన్ అప్పీల్ కోర్టు చెప్పినా, నా జేబులో ఒకటికీ ఇరవైకీ తడిమితే తేడా తెలియదు. మన రూపాయి నోట్లే నయం, సైజులు మారతాయి. ఆవిడ ఐదుని అడ్డంగా, పదిని నిలువుగా, ఇరవైని రెండు మడతలుగా మడిచి పెట్టుకుంటుంది. ఒకసారి ఎవరో ఇరవై అని చెప్పి ఒక డాలరు చేతిలో పెట్టి పోయారట. సాయంత్రం కొట్లో బయటపడింది. నోటు ముందు పెడితే ఎంతో చదివి చెప్పే ఫోన్ ఆవిడ దగ్గరుంది. ఎదుటి మనిషిని అనుమానించినట్టుంటుందని క్లయింట్ల ముందు దాన్ని బయటికి తియ్యదు. ఇదంతా నవ్వుతూనే చెప్పింది. నాకైతే నవ్వు రాలేదు.

అయ్యా, అమ్మా, నొప్పి ఉంటే వెళ్లండి. తగ్గకపోతే మానెయ్యండి, ఆవిడేమీ అనుకోదు. తగ్గితే మాత్రం నలుగురికీ చెప్పండి, ఆ చెప్పేటప్పుడు "కళ్లు లేకపోయినా" అన్న ముక్క తీసేసి చెప్పండి.

మూడోసారి వెళ్లొచ్చేటప్పుడు మెడ కుడివైపు తిరిగింది. "రెండు ఇరవైలు, టిప్పు" అని చేతిలో పెట్టాను. ఒక్కోదాన్నీ రెండు మడతలు పెట్టి జేబులో వేసుకుని, తరవాతి క్లయింటు కోసం దుప్పటి మార్చడం మొదలుపెట్టింది.