రంగుకో తెర

హైదరాబాద్ ఛత్తా బజార్‌లో స్క్రీన్ ప్రింటింగ్ శుభలేఖ అంటే ఫ్రేముకు బిగించిన సన్నటి తెర, దాని మీద సిరా, రబ్బరు పట్టీతో ఒక్క లాగు. రంగుకో తెర. 3 రంగులైతే ప్రతి కార్డూ మూడుసార్లు పనివాడి చేతి కిందికి రావాలి, మధ్యమధ్య ఆరాలి. డిజిటల్ యంత్రానికి ఆ తెరలేవీ అక్కర్లేదు. 50 కార్డులడిగినా సాయంత్రానికి చేతిలో పెడుతుంది. వాట్సాప్ శుభలేఖకైతే కాగితమే వద్దు.

పని అటు మళ్లితే యంత్రాన్ని తప్పుపట్టలేం. అయినా ముదురు రంగు అట్ట మీద బంగారు సిరాను వేలికి తగిలేంత మందంగా నిలబెట్టే పనితనం ఈ తెర పనివాళ్ల చేతులది. వాళ్లకు కంప్యూటర్ డిజైన్ నేర్పించాలి. చిన్న వ్యాపారాల కోసం 2015లో మొదలైన ముద్ర రుణాలు వాళ్లు పనిచేసే ఇరుకు గదుల దాకా రావాలి. వాళ్లు బ్యాంకుకు వచ్చేదాకా ఆగకుండా అధికారులే గడపగడపకూ వెళ్లాలి.